ఎల్లమ్మ విన్న సముద్రం

2020 మార్చి. మక్తల్‌కు కొద్ది దూరంలో ఉన్న మా ఊరికి నాలుగు రోజుల సెలవు మీద వచ్చాను. బ్యాగులో రెండు జతల బట్టలు, ఒక ల్యాప్‌టాప్, రెండు హార్డ్‌డిస్కులు ఉన్నాయి. ఆ డిస్కుల నిండా సముద్రం. వచ్చిన మూడో రోజే బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. నాలుగు రోజుల సెలవు నాలుగు నెలలయింది.

నా ఉద్యోగం గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. మెట్ట పొలాల మధ్య పుట్టిన నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇరవై మూడేళ్లకు, అదీ ఉద్యోగంలో చేరిన రోజు. తమిళనాడు తీరంలో, మన్నార్ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఒక పరిశోధన సంస్థలో శబ్దాల విభాగం నాది. హైడ్రోఫోన్ అంటే నీళ్లలో పెట్టే మైకు. దాన్ని ఒక రికార్డరుకు కలిపి, బరువు కట్టి, సముద్రం అడుగున దించుతాం. గంటకు పది నిమిషాలు మాత్రం రికార్డు చేసుకుంటూ అది నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. తర్వాత పైకి తీసి అందులోని శబ్దాలను విని, ఏది ఏమిటో గుర్తు పెట్టడం నా పని. చేప, రొయ్య, పడవ ఇంజిను, అల. ఏ జంతువుదీ కాదనిపిస్తే నాయిస్, అంటే అక్కర్లేని చప్పుడు.

అప్పట్లో మేము వెతుకుతున్నది డ్యూగాంగ్‌ను. పాలిచ్చి పిల్లను పెంచే పెద్ద సముద్ర జంతువు అది. అక్కడి జాలర్లు దాన్ని కడల్ పసు అంటారు, సముద్రపు ఆవు అని. పేరుకు తగ్గట్టే అది గడ్డి మేస్తుంది. పగడపు దిబ్బలు అలల దెబ్బను కాచుకుంటే, వాటి వెనక నిలకడగా ఉన్న నీటిలో సీగ్రాస్ అనే గడ్డి మొలుస్తుంది. దిబ్బ చెడితే గడ్డి పోతుంది, గడ్డి పోతే ఆవు పోతుంది. మేము మూడు చోట్ల రికార్డర్లు దించాం. రెండు చోట్ల డ్యూగాంగ్‌లు ఉన్నాయని ముందే తెలుసు. మూడోది ఒక పాడైన పగడపు దిబ్బ వెనక ఉన్న చిన్న గడ్డి మైదానం. అక్కడికి ఏ జంతువూ రాదని తేలితే రక్షణ హద్దు దానికి ఇవతలే గీస్తారు. గడ్డి మీదుగా పడవల కోసం లోతుగా తవ్వాలన్న ప్రతిపాదన కూడా అప్పటికే ఒకటి ఉంది.

మూడో చోట ఏమీ లేదనే నేను దాదాపుగా నిర్ణయించుకున్నాను. చివరి ఫైళ్లు కూడా విని, నివేదికలో నా భాగం రాసి పంపడమే మిగిలింది.

మా అన్న ఇంట్లో ముందుగది నాకు ఇచ్చారు. వచ్చిన వారానికే హెడ్‌ఫోన్ వైరు తెగింది. కొత్తది కొందామంటే దుకాణాలు లేవు. అన్న పాటలు వినే స్పీకరు డబ్బాకు ల్యాప్‌టాప్ తగిలించి పని మొదలుపెట్టాను. పగడపు దిబ్బ దగ్గర నీళ్లు నిశ్శబ్దంగా ఉండవు. వేలాది చిన్న రొయ్యలు కొండీలు చిటపటమనిపిస్తూ ఉంటాయి. ఆ చప్పుడు గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వాకిట్లోకి పోయేది.

ఆ ఎండాకాలం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. పన్నెండు దాటితే ఊరు నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. గాలి కదిలేది కాదు. వేప చెట్టు నీడ వాకిట్లో నాచులా పరుచుకునేది. వదినె కూరగాయలు తరుగుతూ తరుగుతూ గోడకు ఆనుకుని కళ్లు మూసేది. నేను కూడా స్పీకరు పక్కన చాప మీద ఒరిగి వింటుండేదాన్ని. ఎప్పుడు నిద్రపోయానో, ఎప్పుడు లేచానో తెలిసేది కాదు. మెలకువలోనూ అవే చిటపటలు, నిద్రలోనూ అవే. ఒకసారి కలలో మా ఊరి ఎర్ర చెలక పొలాల మీదుగా చేపల గుంపు ఒకటి మెల్లగా మలుపు తిరిగి పోయింది. లేచి చూస్తే కిటికీ బయట ఎల్లమ్మ నిలబడి ఉంది.

ఎల్లమ్మ మా పక్కింటామె. అరవై దాటి ఉంటుంది. ముప్పై నలభై గొర్రెలు ఆమెవి. పొద్దున్నే తోలుకుపోయి, ఎండ ముదిరాక మందను చెట్ల కింద పండబెట్టి, ఇంటి దగ్గర ఉన్న గొర్రె పిల్లలను చూసుకోవడానికి ఒకసారి వచ్చేది. వచ్చినప్పుడు మా ఇంట్లో కుడితి పట్టుకుపోవడం అలవాటు. నేను ఆమెను పెద్దమ్మా అంటాను.

"ఏంది బిడ్డా, గింత ఎండల పేలాలు ఏంపుతున్నవా?" అంది.

"పేలాలు కాదు పెద్దమ్మా. సముద్రం."

ఆమె కుడితి బకెట్టు కింద పెట్టి గడప మీద కూర్చుంది. "సముద్రం గిట్లుంటదా? నేను బోరింగు లెక్క ఉంటదనుకున్న."

ఆ తర్వాత రోజూ వచ్చి కాసేపు కూర్చునేది. కొంగుతో మొహం తుడుచుకుని, కళ్లు మూసుకుని, మాట్లాడకుండా వినేది. చల్లగా ఉంటుందట వింటుంటే. నాకూ ఆమె ఉండటం బాగుండేది.

మూడో చోటి ఫైళ్లు మొదలుపెట్టిన రోజు అనుకుంటాను. చిటపటల మధ్య కిర్రుమని ఒక సాగదీసిన చప్పుడు వచ్చింది. అది నాకు పాత పరిచయమే. మిగతా రెండు చోట్ల డ్యూగాంగ్ గొంతు పిట్ట కూతలా పొట్టిగా ఉండేది. ఇది అలా కాదు, నూనె లేని చక్రంలా గీరుకుంటుంది. దిబ్బ దగ్గర పడవలు ఆపి వలలు లాగుతారు కనుక పడవ మీది గిలక చప్పుడని తేల్చుకున్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దాన్ని 'నాయిస్, గిలక' అనే రాస్తున్నాను. ఇప్పుడూ అదే రాయబోతున్నాను.

"ఆపు బిడ్డా," అంది ఎల్లమ్మ. కళ్లు తెరిచింది. "మల్లొక్కసారి పెట్టు."

పెట్టాను.

"గిది పిల్ల."

"పిల్ల కాదు పెద్దమ్మా. పడవ మీద గిరక. వల గుంజేటప్పుడు గట్ల కిర్రుమంటది."

"బాయి కాడ గిరక నేను ఇనలేదా? చేద గుంజినంతసేపు మొత్తుకుంటది, గుంజుడు ఆపితే ఆగుతది. గిది గట్ల లేదు. ఒక్కపారి పిలుస్తాంది, ఊకుంటాంది. మల్ల పిలుస్తాంది, మల్ల ఊకుంటాంది. గిరక ఎవరి జవాబు కోసం ఊకుంటది?"

నాకు కొంచెం చిరాకు కలిగిన మాట నిజం. చదివింది నేను, రెండేళ్లుగా వింటున్నది నేను. నవ్వి ఊరుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. బకెట్టు ఎత్తుకుంటూ, "పొద్దుగూకినంక మా దొడ్డికి రా, సూపిస్త," అంది.

ఆ సాయంత్రం వెళ్లాను. గొర్రె పిల్లలను పగలంతా గంపల కింద ఉంచి తల్లులను మాత్రమే మేతకు తోలుతారు. మంద దుమ్ము లేపుకుంటూ దొడ్డిలోకి రాగానే ఎల్లమ్మ గంపలు ఎత్తింది. ఒక్కసారిగా వంద గొంతులు. తల్లులు అరుస్తున్నాయి, పిల్లలు అరుస్తున్నాయి. ఎర్రటి దుమ్ములో ఏది ఎక్కడుందో కనబడటం లేదు. ఎల్లమ్మ వాటికి వీపు తిప్పి, గోడ వైపు నిలబడి చెబుతోంది.

"గిది నల్లచెవుల దాని పిల్ల. తల్లి ఇంకా పలుకలే. ఆఁ, గిప్పుడు పలికింది. గిది కుంటి దాని పిల్ల, దీనికి తొందరెక్కువ, తల్లి పలికినా ఇనకుంట అరుస్తది. గిది సూడు... పిలిచింది, ఊకుంది. ఇంటాంది."

ఒక్కొక్క గొంతూ తగ్గుతూ వచ్చింది. పిల్ల తల్లిని చేరగానే నోరు పొదుగుకు పోతుంది, అరుపు ఆగుతుంది. కొద్దిసేపట్లో దొడ్డంతా నిమ్మళించింది. పాలు తాగుతున్న చప్పుడు మాత్రమే మిగిలింది. దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. ఆ మసక వెలుతురులో నాకు మా గడ్డి మైదానం గుర్తొచ్చింది. అక్కడ కూడా నీళ్లు ఇలాగే మసకగా ఉంటాయి. నాలుగడుగుల అవతల ఏముందో కనబడదు. అక్కడ తల్లి పిల్లను ఎలా వెతుక్కుంటుంది?

మరునాడు పొద్దున మూడో చోటి ఫైళ్లు మొదటి నుంచి మళ్లీ తెరిచాను. స్పెక్ట్రోగ్రామ్ అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటం. సన్నటి గొంతు పటంలో పైన కనిపిస్తుంది, లావు గొంతు కింద. గిలక చప్పుళ్లన్నీ ఒకటేనని నేను అనుకున్నాను కానీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాలున్నాయి. ఒకటి పైన, ఒకటి కింద. పైది పలికాక కాస్త ఆగి కిందది పలుకుతోంది. ఎంత ఆగుతోందో ఒక్కొక్కటీ కొలిచి రాసుకున్నాను. రెండు వారాలు పట్టింది.

మా విభాగానికి పెద్ద, సెల్వి మేడం. మేడ మీద ఒక మూలే సిగ్నల్ దొరికేది. అక్కడ నిలబడి ఆమెకు ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆమె నేను కొలిచిన అంకెలు చదవమంది. తర్వాత, "మీ పెద్దమ్మ చెవిని రిపోర్టులో పెట్టలేం. కానీ ఆమె అడిగిన ప్రశ్నను పెట్టొచ్చు," అంది. నివేదిక ఆపమంది. మార్చిలో కార్డు మార్చి మళ్లీ దించిన రికార్డరు ఇంకా నీళ్లలోనే ఉంది, అది చేతికి వచ్చేదాకా ఏమీ తేల్చవద్దంది.

నా దగ్గరున్న ఫైళ్లు మార్చి మొదటి వారంతో అయిపోతాయి. వాటిలో చివరి మూడు రోజులు వేరేగా ఉన్నాయి. సన్నగొంతు ఒక్కటే పిలుస్తోంది. ఆగుతోంది. మళ్లీ పిలుస్తోంది. లావుగొంతు లేదు. నేను ఆ ఫైళ్లు వింటున్నప్పుడు ఎల్లమ్మ గడప మీదే ఉంది.

"తల్లి పలుకుతలేదు," అంది.

"దూరం పోయి ఉంటది."

"ఎన్నొద్దులు?"

"మూడు."

ఆమె లేచి వెళ్లిపోయింది. కుడితి మరిచిపోయింది. ఆ రోజు నుంచి గడపలోకి రాగానే ఒకటే మాట. "దొరికిందా బిడ్డా?" ఇక నా దగ్గర ఫైళ్లు లేవని, రికార్డరు సముద్రంలో ఉందని చెబితే అర్థం చేసుకునేది. కానీ మరుసటి రోజు మళ్లీ అడిగేది. ఆ తీరంలో వలల్లో చిక్కి, ఊపిరాడక చనిపోయిన డ్యూగాంగ్‌లను నేను చూశాను. అవి నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. వల లేవనివ్వదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె అడగ్గానే నా నోట్లోంచి వచ్చేసింది. "దొరికింది పెద్దమ్మా. తల్లి వచ్చింది."

ఎల్లమ్మ మొహం విచ్చుకుంది. బకెట్టు దించి కూర్చుంది. "ఏది, ఇనిపియ్యి."

ల్యాప్‌టాప్ మీద చేతులు పెట్టి కూర్చుండిపోయాను. వినిపించడానికి ఏముంది? ఏదో పాత ఫైలు పెడదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆమె కాసేపు నా మొహం చూసింది.

"నాకు తెల్వదు అన్నా అయితుండె గద బిడ్డా," అంది. గొంతులో కోపం లేదు. "గొర్రె తప్పిపోయినప్పుడు దొరికిందని చెప్తే ఎదుకుడు ఆపుతరు. తెల్వదంటే ఎదుకుతనే ఉంటరు."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె వెళ్లాక వదినె వచ్చి, "ఏమైందే, గట్ల కూసున్నవేంది?" అని అడిగితే ఏమీ లేదన్నాను.

జూలైలో రాష్ట్రం దాటడానికి పాసు దొరికింది. మూడు బండ్లు మారి తీరం చేరాను. పద్నాలుగు రోజులు గదిలో ఒంటరిగా ఉన్నాక పడవ ఎక్కనిచ్చారు. రికార్డరు పైకి తెచ్చినప్పుడు దాని ఒంటినిండా నాచు, చిన్న చిన్న నత్తలు. కార్డు పాడవలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మార్చి చివర పడవలన్నీ ఒడ్డు చేరాయి. ఆ తర్వాత ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఉండే వేట నిషేధం వచ్చింది. జూన్ దాకా ఆ దిబ్బ వైపు వెళ్లిన పడవ లేదు. పడవ లేకపోతే గిలక లేదు. ఏప్రిల్ ఫైళ్లు తెరిచాను. ఇంజిన్ల మోత లేని సముద్రాన్ని అంతకుముందు నేను ఎప్పుడూ వినలేదు. రొయ్యల చిటపట వెనక ఎంతో లోతు ఉన్నట్టు వినిపించింది, తలుపులన్నీ తెరిచిన పెద్ద ఇంట్లో నిలబడినట్టు. ఆ లోతులోంచి కిర్రుమంటూ సన్నగొంతు వచ్చింది.

గిలక కాదు. ఇక అనుమానం లేదు.

ఏప్రిల్ రెండో తేదీ తెల్లవారుజాము ఫైలులో సన్నగొంతు పిలిచి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. కింద, మెల్లగా, లావుగొంతు పలికింది. పక్కన మేడం ఉందని కూడా చూడకుండా ఏడ్చాను.

అది మార్చిలో పలికిన తల్లేనా? పటంలో రెండు గొంతుల ఎత్తు దగ్గరగా ఉంది. అంతకంటే చెప్పలేను. నివేదికలో కూడా అంతే రాశాం.

అన్న ఫోన్‌కు ఆ ముక్క పంపి ఎల్లమ్మకు వినిపించమన్నాను. ఆమె దొడ్డిలో నిలబడి విన్నదట. అన్న ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"పెద్దమ్మా, గా తల్లేనో కాదో నాకు తెల్వదు," అన్నాను ముందే.

"తెల్వకపోతే తెల్వకపాయె. పిల్లకు జవాబు దొరికింది గద." అంతలోనే, "మల్లొక్కసారి పెట్టుమను," అంది.

తర్వాతి నెలలో మా ఈతగాళ్లు అక్కడ నీటి అడుగుకు దిగారు. డ్యూగాంగ్ మేసిన చోట గడ్డి వేళ్లతో సహా లేచిపోయి నాగటి చాలులా గీత పడుతుంది. ఆ ఫొటోల్లో పాడైన దిబ్బ వెనక చాళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక ఫొటోలో వెడల్పు చాలు పక్కనే సన్న చాలు ఒకటి, దానికి తగులుతూ, తప్పుకుంటూ, మళ్లీ దగ్గరికి వస్తూ చాలా దూరం సాగింది. మేడం ఆ ఫొటోను, శబ్దాల పటాలను కలిపి అధికారుల ముందు పెట్టింది. ఒక్క సమావేశంతో కాలేదు, ఏడాది పైనే తిరిగింది. చివరికి రక్షణ హద్దు ఆ మైదానం అవతలికి జరిగింది. పడవల దారి దిబ్బకు రెండో వైపు మార్చారు. వలలు పూర్తిగా ఆగాయని చెప్పను. ఆ గడ్డి మాత్రం ఉంది, దిబ్బ మీద అక్కడక్కడా కొత్త పగడం పట్టుకుంటోంది.

నివేదిక చివర సాయం చేసినవాళ్ల పేర్లలో మేడం తానుగా ఒక పేరు చేర్చింది. ఎల్లమ్మ, గొర్రెల కాపరి అని, మా ఊరి పేరుతో. ఊరికి వెళ్లినప్పుడు చదివి వినిపించాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. "గా పిల్ల పాలు మరిచి గడ్డి మేస్తాందా?" అని అడిగింది. తెలియదన్నాను. "ఎదుకుండ్రి మరి," అంది.

ఈ సంఘటన తర్వాత మా విభాగంలో ఒక మార్పు చేయించాను. శబ్దాలకు పేర్లు పెట్టే పట్టికలో 'తెలియదు' అనే గడి చేర్చాం. అంతకుముందు అలాంటి గడి లేదు. జంతువైనా రాయాలి, నాయిస్ అయినా రాయాలి. తెలియని ప్రతిదాన్నీ నేను నాయిస్ అనేదాన్ని, అది అబద్ధమని కూడా తోచేది కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆ గడి నింపడానికి మొదట్లో మొహమాటపడతారు, పని రానట్టు కనబడతామని. నింపమంటాను.

వాళ్లకు ఇంకొకటి కూడా చెబుతాను, దాచుకోవలసింది కాదు కనుక. డిస్కుల్లో చోటు కోసం అప్పట్లో నాయిస్ అని రాసిన ఫైళ్లను ఎప్పటికప్పుడు చెరిపేసేవాళ్లం. ఉద్యోగంలో చేరింది మొదలు 2019 చివరి దాకా మూడో చోట విన్న గిలక చప్పుళ్లన్నీ నా చేత్తోనే చెరిపాను. ఆ రెండు శీతాకాలాలు, రెండు వేసవులు ఆ గడ్డిలో ఎవరు ఎవరిని పిలిచారో, ఎవరికి జవాబు వచ్చిందో, ఎవరికి రాలేదో ఇక ఎవరికీ తెలియదు.